ఆ అమ్మాయిని ఎవరైనా పలకరించారా?

ప్రశ్న: నేను అనంతపురంలోని ఒక యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెబుతాను. అమ్మాయిల హాస్టల్‌కు అసిస్టెంట్ వార్డెన్‌ని కూడా. 2025 అక్టోబరు 24న తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద బస్సు తగలబడినప్పుడు, మా ఎమ్మెస్సీ అమ్మాయి ఒకరు దీపావళికి ఇంటికి వెళ్లి హైదరాబాద్ నుంచి వేరే బస్సులో తిరిగి వస్తోంది. వాళ్ల బస్సు ఆ మంటల వెనకే ఆగిపోయింది. అంతా చూసింది. పొద్దున హాస్టల్‌కు చేరి, స్నానం చేసి, తొమ్మిదిన్నరకు క్లాసులో కూర్చుంది. మాకెవరికీ చెప్పలేదు. మూడో రోజు రూమ్మేట్ చెబితే తెలిసింది. తర్వాత సంతాప సభలో ఒక పెద్దాయన "మన విద్యార్థిని కళ్లారా చూసింది, రెండు మాటలు చెబుతుంది" అని స్టేజి మీదికి పిలిచారు. మైకు పట్టుకుని నిలబడింది. మాట రాలేదు. దిగి వెళ్లిపోయింది. ఇప్పటికి ఇరవై రోజులైంది. రాత్రంతా గదిలో లైటు ఉండాల్సిందే. మెస్‌లో ఏదైనా మాడితే కంచం వదిలేసి లేచిపోతుంది. "నేను దిగి ఉంటే ఒకరినైనా లాగేదాన్నేమో" అని రూమ్మేట్‌తో అందట. ఒడిశా అబ్బాయి ఒకతనికి ఇంటినుంచి రోజుకు నాలుగు ఫోన్లు, చదువు మాని వచ్చెయ్యమని. కొందరు అబ్బాయిలు ఆ వీడియోలు గ్రూపుల్లో తిప్పుతుంటే గట్టిగా తిట్టాను. మాకు కౌన్సెలర్ లేరు. నేను సైకాలజీ చదవలేదు. ఏం మాట్లాడితే ఏం చెడిపోతుందోనని టెన్షన్. నిజం చెప్పాలంటే నాకూ సరిగా నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఒకే చోట ఆగిపోయాను. పొద్దున వచ్చి, స్నానం చేసి, తొమ్మిదిన్నరకు క్లాసులో కూర్చుంది. మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే కదా చెప్పడానికి. దీపావళి సెలవుల తర్వాత ఆ దారిన వచ్చిన పిల్లలు మీ హాస్టళ్లలో పదుల సంఖ్యలో ఉండి ఉంటారు. "ఏ బస్సులో వచ్చావమ్మా, క్షేమంగా చేరావా" అని గదిగదికీ తిరిగి అడిగిన మనిషి ఒక్కరు లేకపోయారు. మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. మన యూనివర్సిటీలకు సంతాప సభ పెట్టడం తెలుసు. పలకరించడం తెలియదు.

ఊళ్లో ఒక ఇంట్లో చావు జరిగితే మనం ఏం చేస్తామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. పక్కింటివాళ్లు అన్నం వండి తెస్తారు. పలకరించడానికి వచ్చినవాళ్లు చాప మీద కూర్చుంటారు, చాలాసేపు ఏమీ మాట్లాడరు. ఎలా జరిగిందో తెలుసుకోవాలనుకుంటే బయట అరుగు మీద ఉన్నవాళ్లను మెల్లగా అడుగుతారు తప్ప, ఏడుస్తున్న మనిషిని లేపి నిలబెట్టి చెప్పమనరు. రాత్రికి ఎవరో ఒకరు తోడు పడుకుంటారు. కర్మ అయ్యాక చుట్టాలు వచ్చి "ఒక నిద్ర చేసి పోదువు గానీ రా" అని తమ ఇంటికి తీసుకుపోతారు. ఇవి చేసేవాళ్లెవరూ సైకాలజీ చదవలేదు. మీరు భయపడుతున్న పని మీకు చిన్నప్పటినుంచీ వచ్చు. క్యాంపస్‌లో అడుగుపెట్టగానే అది మరిచిపోయి, అందరం బ్యానర్లు, మైకులు వెతుక్కుంటున్నాం.

ఈ మాట అనే హక్కు నాకు ఎలా వచ్చిందో చెప్పాలి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు ఊరి మీద పడ్డాయి. మంత్రాలయం మునిగింది. నేనప్పుడు అనంతపురంలో అబ్బాయిల హాస్టల్‌కు వార్డెన్‌ని. మాకు ఇక్కడ చుక్క వాన లేదు. పిల్లల్లో చాలామందివి నది ఒడ్డు ఊళ్లు, ఫోన్లు కలవడం లేదు. నేను డైనింగ్ హాల్లో అందరినీ నిలబెట్టి "ఎవరెవరి ఇళ్లు మునిగాయో చేతులెత్తండి" అన్నాను. లిస్టు రాసుకుని పైకి పంపాలని నా ఆలోచన. వెనక వరసలో ఒక కుర్రాడు చెయ్యి సగం ఎత్తాడు. పక్కవాళ్లు తనవైపు తిరగగానే దించేశాడు. లిస్టులో వాడి పేరు లేదు. రెండు రోజులు అన్నం ముట్టలేదని నాకు తర్వాత తెలిసింది.

మూడో రోజు రాత్రి మెస్ కట్టేశాక మా వంటమనిషి వాణ్ని పిలిచి గట్టు మీద కూర్చోబెట్టింది. మజ్జిగన్నం, ఊరుమిరపకాయ పెట్టింది. ఇల్లు ఏమైంది, వాళ్లు ఏమయ్యారు అని అడగలేదు. "మీకు ఎనుములుండాయా నాయనా? వాటిని విడిచినారో కట్టేసినట్లే ఉన్నాయో" అంది. అంతే, వాడు భోరున ఏడ్చాడు. రెండు ఎనుములు, ఒక దూడ అట. అవి గుంజకే కట్టేసి ఉండి ఉంటాయని మూడు రోజులుగా వాడికి అదే ఆలోచన. ఆమె ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు, వాడు తినేదాకా పక్కన కూర్చుంది. నేను స్టోర్‌రూమ్ తలుపు దగ్గర నిలబడి చూశాను. ఆ రోజునుంచి హాస్టల్లో చేతులెత్తమనడం మానేశాను.

కాబట్టి ముందు ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లండి. ఆఫీసు రూముకు పిలవొద్దు, మీరే గదికి పోండి. మొదటి మాట క్షమాపణ అయి ఉండాలి. "ఆ రోజు నిన్ను అడక్కుండా స్టేజి మీదికి పిలవడం మా తప్పు. నేను అక్కడే ఉండి ఆపలేకపోయాను" అని చెప్పండి. పిలిచింది మీరు కాకపోవచ్చు. అయినా ఆ సంస్థ తరఫున ఆ మాట అనే మనిషి మీరు తప్ప ఎవరూ లేరు. మాట రాక దిగిపోయిన పిల్లకు, అందరిముందు తానే ఏదో తప్పు చేశానన్న సిగ్గు ఉంటుంది. ఆమె భయం తగ్గాలంటే ముందు ఆ సిగ్గు పోవాలి.

తర్వాత ఏం చూసిందో మీరు అడగొద్దు. దాన్ని తవ్వి బయటికి తీస్తే మనసు తేలికవుతుందని చాలామంది అనుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, ఇలాంటి ఘటన జరిగిన వెంటనే మనుషుల్ని కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించవద్దనే అంటోంది. మానసిక ప్రథమ చికిత్స మీద 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వాళ్లు చెప్పినవి మూడే పనులు: చూడండి, వినండి, కావలసిన సాయంతో కలపండి. ఆమె తనంతట తాను చెబితే మాత్రం మధ్యలో "అయ్యో చాలమ్మా, మర్చిపో" అనకుండా చివరిదాకా వినండి. మీకు కన్నీళ్లు వస్తే రానివ్వండి, అదేం తప్పు కాదు.

లైటు వేసుకోవడం, మాడు వాసనకు లేచిపోవడం చూసి మీరు కంగారు పడ్డారు. అంత ప్రమాదం చూసిన ఒళ్లు కొన్నాళ్లు కాపలా కాస్తూనే ఉంటుంది. మాడు వాసన ముక్కుకు తగిలితే, ఇది మెస్ అని తలకు తెలిసేలోపే కాళ్లు లేచి నిలబడతాయి. పిచ్చి అని గానీ, నటన అని గానీ ఎవరైనా అంటే అక్కడే ఆపండి. ఇందులో భయపడాల్సింది లేదని, చాలామందికి కొన్ని వారాల్లో ఇది తనంతట తగ్గిపోతుందని ఆమెకు చెప్పండి. ఆ ఒక్క సంగతి తెలియడమే పెద్ద ఊరట. లైటు ఉండనివ్వండి. రాత్రి పదకొండుకు ఆర్పాలన్న రూలు ఆ గదికి కొన్నాళ్లు వర్తించదని వాచ్‌మన్‌కు, మేట్రన్‌కు మీరే చెప్పండి, ఆ పిల్లతో అడిగించుకోవద్దు. రూమ్మేట్‌కు నిద్ర పాడైతే, ఇష్టపడ్డ స్నేహితురాలు ఎవరైనా కొన్నాళ్లు మంచం మార్చుకుంటారేమో చూడండి. ఊళ్లోనే ఇల్లున్న క్లాస్‌మేట్ ఉంటే, వాళ్లమ్మతో మాట్లాడి ఒక ఆదివారం ఒక నిద్రకు పంపండి. పెద్దవాళ్లు ఆ ఆచారం ఊరికే పెట్టలేదు.

"నేను దిగి ఉంటే" అన్న మాట దగ్గర మాత్రం జాగ్రత్త. వెంటనే "నీ తప్పేముంది" అని కొట్టిపారేస్తే, ఇక మీతో ఆ మాట ఎత్తదు. కాసేపు ఆగి, తెలిసిన నిజాలు నెమ్మదిగా చెప్పండి. రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకుపోవడంతో నిప్పు పుట్టింది. నిమిషాల్లో బస్సంతా అంటుకుంది. తెల్లవారుజామున మూడు గంటల వేళ, అందరూ గాఢనిద్రలో ఉన్నారు. బతికినవాళ్లు అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లు. 19 మంది ప్రయాణికులు ఆ లోపలే పోయారు, బైకు మీది యువకుడు కూడా పోయాడు. వెనక బస్సులో కూర్చున్న ఇరవై రెండేళ్ల పిల్ల చేతికి అందేంత దూరంలో ఏదీ లేదు. ఇది ఒకసారి చెబితే పోయే ఆలోచన కాదు. మళ్లీ అంటుంది, మళ్లీ ఇవే చెప్పాలి.

మీరు ఈ సమాధానం చదివేసరికి నెల దాటుతుంది. అప్పటికీ కలలు, ఉలికిపాట్లు, నిద్రలేమి అలాగే ఉన్నా, తిండి తగ్గిపోతున్నా, క్లాసులు వరసగా మానేస్తున్నా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాల్సిందే. "బతికి ఏం లాభం" లాంటి మాట ఒక్కటి వినబడినా నెల దాకా ఆగొద్దు, ఆ రాత్రే ఫోన్ చేయండి, ఆమెను ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ ఇది. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. నంబరు గోడకు అంటించి వదిలేస్తే ఎవరూ చేయరమ్మా. మీ ఫోన్‌లోంచి మీరు చేసి, స్పీకర్ పెట్టి, పక్కన కూర్చోండి. ఆమె మాట్లాడటం మొదలుపెట్టాక కావాలంటే లేచి వరండాలోకి రండి. మన సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఓపీకి పంపేటప్పుడు తోడు ఎవరో ముందే అనుకోండి, చీటీ పట్టుకుని క్యూలో ఒంటరిగా నిలబడనివ్వకండి.

ఒడిశా అబ్బాయి సంగతి చాలామందికి తట్టదు. చనిపోయినవాళ్లలో వేరే రాష్ట్రాలవాళ్లూ ఉన్నారు. వాళ్ల నాన్న టీవీలో ఆంధ్రా అన్న మాట విని, మంట చూశాడు. కర్నూలు ఎక్కడో, అనంతపురం ఎక్కడో ఆయనకేం తెలుసు? అబ్బాయి ఎంత చెప్పినా, పిల్లాడు ధైర్యం నటిస్తున్నాడనే అనుకుంటాడు. హిందీ బాగా వచ్చిన సహోద్యోగిని పక్కన పెట్టుకుని మీరే ఆ ఇంటికి ఫోన్ చేయండి. పేరు చెప్పండి, మీ నంబరు ఇవ్వండి, "మీ అబ్బాయి ప్రయాణం చేసిన ప్రతిసారీ చేరాక నేను మెసేజ్ పెడతాను" అనండి. నాలుగు ఫోన్లు ఒకటవుతాయి.

ఇదే సందర్భంలో ఇంకో మాట. ఈ ఏడాది దేశం మీద వరసగా దెబ్బలు పడ్డాయి. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చేశారు, అందులో మన కావలి మనిషి, విశాఖ మనిషి ఉన్నారు. మే నెలలో గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ, అగ్నివీర్ మురళీ నాయక్ సరిహద్దులో ప్రాణం వదిలాడు. జూన్ 12న అహ్మదాబాద్‌లో విమానం మెడికల్ కాలేజీ హాస్టల్ మెస్ మీద కూలింది, అది భోజనాల వేళ. బల్లల మీద సగం తిన్న కంచాల ఫొటో మీ పిల్లలంతా ఫోన్లలో చూసే ఉంటారు. ప్రతిసారీ సప్తగిరి సర్కిల్‌లోనో టవర్ క్లాక్ దగ్గరో కొవ్వొత్తులు వెలిగించాం. అది తప్పని అనను, పదిమంది కలిసి నిలబడటంలో బలం ఉంది. కానీ అదే రోజు రాత్రి ఒక గంట కూర్చుని ఎవరు ఈ బాధకు దగ్గరగా ఉన్నారో ఆలోచించాలి. ఆ ఊరి పిల్లలెవరు? అన్నో తమ్ముడో ఫౌజులో ఉన్నవాళ్లెవరు? ఈ మధ్యే ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లెవరు? వాళ్లకు కొత్త చావు వార్త పాత గాయం మీదే తగులుతుంది. అలాగే, ఈ ఘటన పేరు చెప్పి ఎవరినైనా వేలెత్తి చూపే ప్రమాదం ఉందా? పహల్గాం తర్వాత కొన్ని ఊళ్లలో కాశ్మీరీ విద్యార్థులను బెదిరించారు, కొట్టారు. దేశమంతా దుఃఖంలో ఉన్నప్పుడు, ఏ పాపం ఎరగని పిల్ల తలుపు గడియ పెట్టుకుని లోపల వణుకుతూ కూర్చోవడం కంటే అన్యాయం నాకు ఇంకోటి తోచదు. అలాంటి విద్యార్థి మీ క్యాంపస్‌లో ఒక్కరున్నా, ముందు ఆ తలుపే తట్టాలి.

వీడియోలు పంపుకున్న అబ్బాయిలను తిట్టారు. మీ కోపం నాకు అర్థమవుతుంది. అయితే వాళ్లూ అదే రోడ్డు మీద, అలాంటి స్లీపర్ బస్సుల్లోనే తిరిగేవాళ్లు. భయాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఫార్వర్డ్ కొడతారు. పిలిచి ఒకటే చెప్పండి. శరీరాలు గుర్తుపట్టే స్థితిలో లేక డీఎన్ఏ పరీక్షలు చేసి అప్పగించారు. తన మనిషి ఏదో తేలేదాకా ఎదురుచూసిన ఆ ఇంటివాళ్ల ఫోన్‌కు ఈ వీడియో చేరితే ఎలా ఉంటుంది? ఇది విన్నాక డిలీట్ చేయని కుర్రాణ్ని నేను చూడలేదు. ఆ తర్వాత వాళ్లకు పని ఇవ్వండి. 2013 అక్టోబరు 30న ఇదే హైవే మీద, పాలెం దగ్గర, బెంగళూరు నుంచి హైదరాబాద్ వెళ్తున్న బస్సు కాలి 45 మంది పోయారు. పన్నెండేళ్ల తర్వాత అదే నెలలో, అదే దారిలో మళ్లీ. చదువుకునే పిల్లలకు దీని మీద కోపం రావాలి, రానివ్వండి. బస్సు ఎక్కగానే ఎమర్జెన్సీ తలుపు ఎక్కడుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూసుకోవడం, లేకపోతే అక్కడే అడగడం, ఫొటో తీసి రవాణా శాఖకు రాయడం, సెలవులకు పోయేటప్పుడు ఎవరు ఏ బస్సో హాస్టల్ బోర్డు మీద రాసి, చేరాక టిక్కు పెట్టడం. ఈ పనులు మీ క్యాంపస్‌లో అందరికంటే బాగా చేసేది ఆ వీడియోలు తిప్పిన అబ్బాయిలే. ఇలా ఒక బోర్డు ఉండి ఉంటే, అక్టోబరు 24 పొద్దునే ఆ అమ్మాయి ఆ దారిలో వచ్చిందని మీకు తెలిసేది.

ఇక సంస్థ చేయాల్సిన పని. మంచి మనసున్న ఒక అసిస్టెంట్ వార్డెన్ మీద అంతా వదిలేయడం న్యాయం కాదు. రిజిస్ట్రార్‌కు ఒక పేజీ ఉత్తరం రాయండి. ఆ అమ్మాయికి ఇంటర్నల్ పరీక్షలు మళ్లీ పెట్టాలని, హాజరు లెక్కలో ఈ నెల సడలింపు కావాలని స్పష్టంగా అడగండి. కౌన్సెలర్ విషయంలో మీరు బతిమాలాల్సిన పని లేదు. 2025 జూలై 25న సుప్రీంకోర్టు, వంద మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టాలని చెప్పింది. ఆ కేసు మన విశాఖపట్నంలో చనిపోయిన ఒక విద్యార్థినిది, కోర్టుకు వెళ్లింది కన్నతండ్రి. తీర్పు కాపీ జతచేయండి. నియామకం అయ్యేలోపు వారానికి ఒక పూట ఆసుపత్రి నుంచి మానసిక వైద్యులు హాస్టల్‌కు వచ్చేలా ప్రిన్సిపాల్ స్థాయిలో మాట్లాడుకోవచ్చు. కాంట్రాక్టు ఉద్యోగమని మీకు జంకు ఉంటే, ఇంకో నలుగురు లెక్చరర్ల సంతకాలు తీసుకోండి. పిల్లల విషయమంటే సంతకం పెట్టేవాళ్లు మీరనుకున్నదానికంటే ఎక్కువమందే ఉంటారు.

సంక్రాంతి వస్తోంది. హాస్టల్ అంతా పెట్టెలు సర్దుకునే వారంలో ఆ అమ్మాయి "నాకు రికార్డులు రాసుకునే పని ఉంది, ఇక్కడే ఉంటాను" అంటుంది చూడండి. బలవంతంగా రాత్రి బస్సు ఎక్కించొద్దు, అలాగని ఇక్కడే వదిలేయొద్దు కూడా. కాచిగూడ, యశ్వంతపూర్ మధ్య నడిచే వందే భారత్ మన అనంతపురంలో ఆగుతుంది, పగటి ప్రయాణం. టికెట్ ధర ఎక్కువైతే పగటి ఆర్టీసీ బస్సులున్నాయి. ఎవరో ఒకరు తోడు ఉండాలి, కిటికీ సీటు ఉండాలి. చిన్నటేకూరు దాటేటప్పుడు మాట్లాడాలనిపిస్తే మాట్లాడమని, కళ్లు మూసుకోవాలనిపిస్తే మూసుకోమని తోడు వెళ్లే పిల్లకు ముందే చెప్పి పంపండి. వచ్చే దీపావళి తేదీ కూడా ఇప్పుడే డైరీలో రాసి పెట్టుకోండి. అప్పటికి అందరూ మరిచిపోయి ఉంటారు, ఆమెకు మాత్రం గుర్తుంటుంది.

చివర్లో ఒక్క వాక్యంలో మీ నిద్ర సంగతి రాసి వదిలేశారు. మీరు ఆ మంట చూడలేదు గానీ, ఇరవై రోజులుగా ఆ పిల్ల ముఖంలో దాన్ని చూస్తున్నారు. 14416 మీక్కూడా పనిచేస్తుంది. ఇంట్లో మీ అమ్మగారితోనో, స్టాఫ్‌రూమ్‌లో మీకు నమ్మకమైన మనిషితోనో ఈ ఉత్తరంలో నాకు రాసినదంతా నోటితో చెప్పండి. రాత్రి రౌండ్లు వారంలో మూడు రోజులే మీరు చూసి, మిగతావి ఇంకొకరికి అప్పగించండి.

ఇవాళ సాయంత్రం మెస్ టైముకు కొంచెం ముందు ఆ గదికి వెళ్లండి. చేతిలో రెండు టీ కప్పులు ఉంటే మాట ఎలా మొదలుపెట్టాలన్న బెంగ ఉండదు. సంక్రాంతి అయ్యాక ఆమె ఎలా ఉందో, మీరెలా ఉన్నారో నాకు మళ్లీ రాయండి.